ఇమామ్ బిగబట్టిన ఊపిరి

ఆళ్లగడ్డలో బోరు మోటార్లు బాగుచేసే ఇమామ్‌కు ఓ పాడు అలవాటు ఉంది. స్విచ్చి వేశాక పైపులోంచి నీళ్ళు పడేదాకా ఊపిరి తీసుకోడు. తాను ఊపిరి వదిలితే నీళ్ళు వెనక్కి పోతాయని ఆయన గట్టి నమ్మకం. ముప్పయ్యేళ్ళుగా ఇదే తంతు. బోరు ఎండిపోయిన చోట రెండుసార్లు కళ్ళు తిరిగి పడ్డాడు కూడా, అయినా బుద్ధి రాలేదు.

అలాంటి మనిషికి కాలేయం చెడింది, పాత కామెర్ల పుణ్యమా అని. పోయిన వారం పొట్ట ఉబ్బితే, కాలేయానికి రక్తం తెచ్చే పెద్ద నరం మూసుకుందేమో చూపించుకోమని ఊళ్ళో డాక్టరు నంద్యాలకు రాసిచ్చాడు. మూసుకుంటే రక్తం పల్చబడే మందు వాడాలట. ఇమామ్ ఇదివరకే ఒకసారి రక్తం కక్కుకున్నాడు. ఆ మందు వేసుకుంటే మళ్ళీ రక్తం పడుతుందేమోనని ఆయన భయం, పాపం.

నంద్యాల స్కానింగ్ గదిలో డాక్టర్ సుష్మ ఆయన పొట్టకు చల్లటి జెల్లు పూసి, మిషను ఆనించింది.

“రక్తం పారే చప్పుడు ఇందులో వినిపిస్తాదన్నా. కొంచెం ఊపిరి బిగబట్టు.”

పారే చప్పుడా! ఇంకేం కావాలి? ఇమామ్ పళ్ళు బిగించాడు, పొట్ట బిగించాడు, ఊపిరి బిగించాడు. మిషను గుర్రుమంటోంది తప్ప రక్తం ఊసే లేదు.

“పారేది కనపడ్డంలే,” అని డాక్టరమ్మ మొహం చిట్లించింది. “చాల్లే, వదులన్నా.”

వదులుతాడా? ఇంకా పడలేదే! మరింత బిగించాడు. మొహం వంకాయ రంగుకు తిరిగింది. ‘యా అల్లా, ఒక్క చుక్క’ అని లోలోపల మొక్కుకుంటున్నాడు.

మూలన నిలబడ్డ భార్య మాబున్నీకి అప్పటికి అర్థమైంది. గబగబా వచ్చి తొడ మీద ఛెళ్ళున ఒకటిచ్చింది.

“ఏందయ్యా నీ పిచ్చి! ఇది బోరు గాదు, నీ కడుపు! ఊపిరి వదులు!”

‘హుఫ్’మని వదిలాడు ఇమామ్. రెండుసార్లు రొప్పాడు. అంతలో మిషన్‌లోంచి సన్నగా ‘ఉస్స్...’మని చప్పుడు మొదలైంది.

“పారతాంది!” అని గావుకేక పెట్టాడు.

“పారతాంది గానీ నిదానంగా,” అంది సుష్మ నవ్వాపుకుంటూ. “నువ్వు కడుపు బిగిస్తే రక్తం ఆడే నిలబడిపోయిందన్నా. నరం మూసుకోలే. జబ్బయితే ఉండనే ఉంది, మందులు మానొద్దు. ఆర్నెల్లకు మళ్ళీ రా.”

ఇమామ్ పడుకున్నచోటే చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. సుష్మ మిషను తీయబోతుంటే మాబున్నీ ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఇంకొంచేపు ఉండనీ తల్లీ. నేనూ సరిగా వినలే.”