కదలని చుక్క

మా మేస్త్రీ అంత తెలివైనవాడు చుట్టుపక్కల ముప్పై ఊళ్ళలో లేడు. మురుగుకాల్వ ఏ వీధిలో పొర్లబోతోందో ముందురోజే వాసన పట్టి చెప్పేవాడు. అలాంటివాడు మిట్టమధ్యాహ్నం టీకొట్టు నీడలో నిలబడి, ఫోనులో పటం చూసుకుంటూ మురిసిపోతున్నాడు. పటం మీద రెండు పచ్చచుక్కలు బజారు వెనక సందులో ఇటునుంచి అటు, అటునుంచి ఇటు జంటగా తిరుగుతున్నాయి. ఒకటి మేస్త్రీ అక్క మొగుడిది, అంటే బావది. రెండోది బావతో జతగా పనిచేసే బక్కోడిది.

"చూశావా, మా బావ మోకాళ్ళనొప్పులు ఎగిరిపోయాయి. పెళ్ళికొడుకులా తిరుగుతున్నాడు," అన్నాడు టీకొట్టామెతో.

"మీ బావ తిరగడమా? పొద్దున నా కొట్టు మెట్టు ఎక్కడానికే నా భుజం అరువడిగాడు," అందామె గ్లాసులు కడుగుతూ.

ఆ పటం తెచ్చింది మేస్త్రీయే. కాల్వలు బాగుచేసే ముఠాలు ఊరంతా చెదిరి ఉండేవి. ఎవరెక్కడున్నారో ఒకరికొకరికి తెలియక, తెరిచిన మూతే మళ్ళీ తెరిచేవాళ్ళు. పొర్లే మూత జోలికి ఎవరూ పోయేవాళ్ళు కాదు. కాంట్రాక్టరు తలా ఒక ఫోను ఇచ్చి, "అందరికీ ఒకేసారి కనబడే పటం ఏదైనా దొరుకుతుందేమో చూడు," అన్నాడు. మేస్త్రీ సెలవులు మానుకుని వెతికాడు. ఒక పటం మధ్యాహ్నమయ్యేసరికి బ్యాటరీని గటగటా తాగేసింది. ఇంకొకటి సిగ్నల్ పోగానే ముఠా మొత్తాన్ని తీసుకెళ్ళి నది మధ్యలో నిలబెట్టింది. చివరికి మంచిదే దొరికింది. ఒకడు "ఇక్కడ మూత పగిలింది" అని గుర్తు పెడితే చాలు, ఆ క్షణమే అందరి ఫోనుల్లోనూ పడేది. "మేస్త్రీ అరచేతిలో వైకుంఠం చూపించాడ్రోయ్," అని ముఠాలవాళ్ళు వేళాకోళమాడినా, వాళ్ళ కాళ్ళకి తిరుగుడు తగ్గిన మాట నిజం.

అక్కడితో ఆగుంటే బాగుండేది. కాంట్రాక్టరు తన చల్లటి గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, "కూర్చో," అన్నాడు. అన్నేళ్ళ కొలువులో ఆ మాట వినడం అదే మొదలు. కుర్చీ అంచున కూర్చున్నవాడు ఊరుకున్నాడా? ఎవరూ అడక్కుండానే, "కదలని చుక్క ఎర్రబడేలా కూడా పెట్టొచ్చు సార్," అన్నాడు. కాంట్రాక్టరు కళ్ళు మెరిశాయి. మర్నాటినుంచి చుక్క ఎర్రబడినవాడికి సగం కూలే.

ముప్పై ఊళ్ళన్నాను కదూ? కొట్టేయండి. టీకొట్టు నీడ మేరకు చూసుకున్నా సరే, అంతకు మించిన మందమతి ఆ పూట దొరకడు. ఎందుకంటే బావ పని తాడు పట్టుకోవడం. బక్కోడు నడుముకి తాడు కట్టుకుని కాల్వలోకి దిగుతాడు. బావ పైన రెండో కొస పట్టుకుని నిలబడతాడు. కిందనుంచి ఒక గుంజు గుంజితే బకెట్టు లాగమని, రెండు గుంజితే మనిషిని లాగమని. దిగేవాడు తన ఫోను పైవాడికి ఇచ్చి మరీ దిగుతాడు. జంటగా షికారు చేస్తున్న ఆ చుక్కలు రెండూ బావ జేబులోవే!

మేస్త్రీకి అది తట్టేసరికి చేతిలో గ్లాసు ఏమైందో తెలియదు. "మరి తాడెవరు పట్టుకున్నారు?" అని అరుస్తూ పరుగందుకున్నాడు.

సందులో బావ కుంటుకుంటూ గోడదాకా పోయి వెనక్కి తిరుగుతున్నాడు. తాడు కొస కరెంటు స్తంభానికి కట్టి ఉంది. మేస్త్రీ చూస్తుండగానే ఆ తాడు రెండుసార్లు నీరసంగా అదిరింది. స్తంభానికేం తెలుస్తుంది?

ఇద్దరూ కలిసి లాగారు. పైకి వచ్చేసరికి బక్కోడి పెదాలు నల్లబడిపోయాయి. బోర్లా పడుకోబెట్టి వీపు చరిస్తే కక్కుకున్నాడు, దగ్గాడు, ఎట్టకేలకి ఊపిరి తీసుకున్నాడు.

"ఎంత గుంజానన్నా... పైన ఎవరూ లేరనుకున్నా."

"నాలుగడుగులేసి వచ్చేద్దామనుకున్నానురా," అన్నాడు బావ. "నిలబడితే ఎర్రబడుతుందాయె. నాదొక్కటేనా, నీదీ పోతుంది. మీ ఆవిడకి ఏం జవాబు చెప్పను?" తర్వాత మేస్త్రీ వైపు తిరిగాడు. "నిలబడ్డవాడు పనిచెయ్యనట్టేనని నువ్వే కదరా చెప్పావు!"

మేస్త్రీకి తల తీసేసినట్టయింది. ఒకప్పుడు తనూ ఆ గోతుల్లోకి దిగినవాడే. అప్పుడు ఎండలో రాయిలా నిలబడి పైన తాడు పట్టుకున్నది ఈ బావే. ఆ నిలబడటం వల్లే అక్కకి తమ్ముడు మిగిలాడు. కుర్చీ దొరికిన రోజున ఆ సంగతి గుర్తుకు రాలేదు. బావ కళ్ళలోకి చూడటానికి మొహం చెల్లక, తాడు సర్దుతున్నట్టు వంగాడు.

ఫోను మోగింది. కాంట్రాక్టరు.

"ఏంటయ్యా, మూడు చుక్కలూ ఒక్కచోటే ఎర్రగా కూర్చున్నాయి? పేకాట పెట్టారా?"

"కాల్వలో మనిషి చచ్చి బతికాడు సార్."

"బతికాడుగా? కదలమను మరి."

"కదలం సార్. ఆ ఎర్రచుక్క పెట్టమన్న పాపిష్టి నోరు నాదే. ఇప్పుడు తీసెయ్యమంటున్నదీ ఆ నోరే. తీసేదాకా మా ముఠాలో ఎవడూ లోపలికి దిగడు."

"మేస్త్రీవి నువ్వే ఇలా మాట్లాడితే ఎలాగయ్యా? రేపు నీ అవసరం ఉంటుందో లేదో ఆలోచించుకో."

ఫోను తెగింది. కొలువు ఉందో ఊడిందో తెలియలేదు. అప్పుడు బావ మెల్లగా వచ్చి, మేస్త్రీ భుజం మీద చెయ్యేసి, "పోనీలేరా బావమరిదీ, ఇప్పటికైనా నీ బుర్ర నేలమీదికి దిగింది," అని నవ్వాడు.

నా కోతల్లోంచి మీరు ఎలాగూ తరుగు తీసుకునే ఉంటారు. అయినా ఒకటి ఒప్పుకోవాలి. ఆ చెయ్యీ ఆ నవ్వూ నేను కల్పించినవి. ఆ మనిషిని అంత సిగ్గులో వదిలెయ్యడానికి మనసొప్పక కలిపాను. బావ నవ్వలేదు. ఫోన్లు రెండూ జేబులోంచి తీసి మేస్త్రీ కాళ్ళ ముందు నేలమీద పెట్టాడు. తర్వాత బక్కోడి పక్కన కూలబడి, వాడి నడుముకున్న ముడి విప్పడం మొదలుపెట్టాడు. తడిసిన ముడి, ఎంతకీ రాదు. సాయానికి మేస్త్రీ చెయ్యి చాపాడు. బావ తన భుజం అడ్డుపెట్టి, ఒక్కడే విప్పుతూ కూర్చున్నాడు.