పాత హద్దు మీదనే సడక

సర్కారు పని చూసే ఓర్సీరు మనుషులు సడక హద్దురాళ్లు పీకుతుంటే బీరమ్మ కళ్లారా చూసింది. కంకర కొడుతున్న చేయి ఆపి, "పాతిన రాళ్లెందుకు పీకుతున్రు సారూ?" అని అడిగింది. ఓర్సీరు రాళ్లను బండికెత్తించి దొర మామిడితోట దిక్కు తోలించాడు.

అది పంతొమ్మిది వందల అరవై రెండో సంవత్సరం, కరువు పని నడుస్తున్న ఎండాకాలం. మోత్కూరు నుంచి గొర్లగట్టుకు సడక మంజూరైంది. గొర్లగట్టు చిన్న ఊరే. కానీ మంగళవారం అంగడికి చుట్టూ పల్లెల గొర్రెలన్నీ అక్కడికే వస్తాయి. సడక పడితే బస్సొస్తుంది, దవాఖాన వస్తుంది, బడి పెద్దదవుతుంది అని జనం ఆశపడ్డారు. దారికి అడ్డొచ్చిన చెలక భూములు తామే ఇచ్చారు. ఇప్పుడు రాళ్లు మార్చడంతో ఆ సడక ఊరికి రెండు మైళ్ల అవతలే పక్కకు మళ్లి, దొర కొత్త బియ్యం మిల్లు ముందు ఆగుతుంది. అంగడీ ఆయన జాగాలోకే పోతుంది. నిన్నటి దొరే ఇవాళ పంచాయతీ సమితి అధ్యక్షుడు. టోపీ మారింది, తల మారలేదు.

పని దిగాక గొల్లవాడలో రెండు వందల మంది కూలీలు కూడారు.

"దరఖాస్తు పెడ్దాం," అన్నాడు కిష్టయ్య.

"ఎవలకు పెడ్తవ్?" అన్నాడు జానయ్య. నిజాం కాలంలో తుపాకి పట్టి కొట్లాడిన మనిషి అతను. "సమితిల కూసున్నది గా దొరనే గద."

ముసలి ఎల్లయ్య తల అడ్డంగా ఊపాడు. "దొరతోని పెట్టుకుంటే గీ కరువు పని గూడ పోతది. పోరగాండ్లకు గటక ఎవడు పోస్తడు?"

ఎవరూ అతన్ని తప్పుపట్టలేదు. ఆకలి అందరి ఇంట్లోనూ ఉంది.

బీరమ్మ లేచి నిలబడింది. "కంకర కొట్టేది మనం. తట్ట మోసేది మనం. మనం ఏడ పోస్తే ఆడనే సడక. ఊరి కాడికెల్లి షురూ చేద్దాం, పాత హద్దు మీదనే పోద్దాం."

"కూలి ఇయ్యరు," అన్నాడొకడు.

"ఇయ్యకపోతే ఇయ్యకపాయె. మన ఊరికి మనం పోసుకుంటున్నం."

మరునాడు దొర తోట దగ్గర పనికి ఒక్కరూ పోలేదు. గుత్తేదారు రోలరును వెనక్కి పంపేసి, కూలి పట్టీలోంచి అందరి పేర్లూ కొట్టేశాడు. జనం రోలరు లేకుండానే దిమ్మిసలతో కంకర కొట్టి గట్టిచేశారు. అంబలి ఉన్నవాళ్లు లేనివాళ్లకు సగం పోశారు. ఐదు రోజుల్లో పావు మైలు లేచింది.

ఆరో రోజు దొర మనుషులు కట్టెలు పట్టుకొని వచ్చారు. పరిచిన కంకరను గడ్డపారలతో పెకిలించబోతే గుర్వయ్య అడ్డం పోయాడు. గొర్రెలు కాసుకునే మెత్తని మనిషి అతను. "గిది మా చెమట. ముట్టకున్రి," అన్నాడు. కట్టె తల మీద పడింది.

నలుగురు అతన్ని మంచం మీద వేసుకొని మోత్కూరు దవాఖానకు ఉరికారు. దారంతా గుంతలు, ముండ్లకంప. వాగు ఇసుకలో కాళ్లు దిగబడ్డాయి. మంచం రెండుసార్లు ఒరిగింది. మోత్కూరు దిక్కు నుంచి అప్పటికే పరిచిన సర్కారు కంకర కనబడే చోటికి చేరకముందే గుర్వయ్య ఊపిరి ఆగింది.

గుర్వయ్య పోయిన మూడో రోజు పోలీసులు వచ్చారు. లారీ రాదు కాబట్టి రెండు మైళ్లు నడిచారు. గుర్వయ్యను కొట్టిందెవరని అడగలేదు. బీరమ్మను, జానయ్యను, ఇంకో పంతొమ్మిది మందిని తాళ్లతో కట్టారు. "మంజూరు లేని చోట సడక వేయడం నేరం. తట్టలు దించి ఇండ్లకు పోండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

తట్టలు దిగాయి. అందరి కళ్లూ నేల మీదనే.

అప్పుడు గుర్వయ్య భార్య నర్సింగమ్మ ఊళ్లోంచి నడిచి వచ్చింది. బక్కమ్మ అవ్వ ఎదురుపోయి చేయి పట్టుకుంది. "దినాలు గాకముందు ఇల్లు దాటొద్దు బిడ్డా."

"ఆయన పానం తొవ్వ లేకనే పాయె గదనే అవ్వా. నేనింట్ల కూసొని ఏడిస్తే రేపు గా వాగుల ఇంకెవలో సస్తరు."

ఆమె కంకర కుప్ప ముందు కూర్చొని, బీరమ్మ వదిలిపోయిన సుత్తె అందుకుంది. ఇన్‌స్పెక్టర్ లెమ్మన్నాడు. ఆమె రాయి మీద సుత్తె దించింది. బక్కమ్మ ఆమె పక్కన కూర్చొని ఇంకో సుత్తె పట్టింది. ఆ తర్వాత ఎల్లయ్య వచ్చాడు, తట్ట ఎత్తుకున్నాడు. వెనక అందరూ కదిలారు.

లాఠీలు లేచాయి. సుత్తెలు ఆగలేదు.