నీలం పట్టా కాపలా

చెర్రీ పూలు విచ్చాయంటే మా ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్లకి ఒక డ్యూటీ పడుతుంది. ఆదివారం పొద్దున్నే పార్కుకి వెళ్లి, మంచి చెట్టు కింద నీలం టార్పాలిన్ పట్టా పరిచి, మిగతావాళ్లు పూల కింద విందుకి వచ్చేదాకా దాని మీద కాపలా కూర్చోవాలి. నేను చేరి రెండేళ్లవుతోంది. అయినా జపాన్‌లో మా వియత్నాం వాళ్లం ఎప్పటికీ కొత్తవాళ్లమే కాబట్టి ఈసారీ నన్నే పంపారు.

ఎనిమిదింటికల్లా పార్కులో ఇసకేస్తే రాలనంత జనం. నాకు కావలసిందీ అదే. మావాళ్లు పదకొండు దాటితే గానీ రారు. అందుకే లువాని అక్కడికి రమ్మన్నాను.

లువాది మా పక్క ఊరు. డిసెంబరులో కూరగాయలు తరిగే మిషన్‌లో పడి ఎడమచేతి మూడు వేళ్లు పోయాయి. హాస్టల్ వంటింట్లో కత్తితో కోసుకుందని కంపెనీ కాగితం రాసుకుంది. పక్క మిషన్ మీద ఉండి అంతా చూసిన నేనూ దాని మీద సంతకం పెట్టాను. పెట్టకపోతే బట్టలు సర్దుకుని ఇంటికి పొమ్మంటారు. ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి లువా హాస్టల్ నుంచి పారిపోయింది.

మాస్క్ పెట్టుకుని వచ్చింది. పుప్పొడికి భయపడి పార్కులో సగం మంది మాస్కుల్లోనే ఉన్నారు. బూట్లు విప్పి పట్టా మీద నా ఎదురుగా కూర్చుని డబ్బా తెరిచింది. వేరుశనగ గింజలేసి వండిన జిగురన్నం.

"తిను అక్కా. చిక్కిపోయావు."

"నేనా? నువ్వు అద్దం చూసుకుని ఎన్నాళ్లయింది?"

"ఒక్క గదిలో ఆరుగురం ఉంటున్నాం. అద్దం దాకా వంతు రావద్దూ?" అని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

జాకెట్‌లోంచి కాగితం తీసింది. "మాకు చోటిచ్చిన చర్చి వాళ్లు లాయర్ని చూశారు. మిషన్‌లోనే తెగాయని కళ్లారా చూసినవాళ్లు ఒక్కరు సంతకం పెడితే చాలంట. రేపటిలోగా ఇవ్వాలి. చూసింది నువ్వొక్కదానివే."

"నాకింకా పద్నాలుగు నెలల కాంట్రాక్టుంది లువా. నన్ను పంపించేస్తే?"

"పంపించరని నేనెలా చెప్పను? కానీ అబద్ధం మీద పెట్టావు కదక్కా. నిజం మీదా ఒకటి పెట్టు."

"ముందు తిననియ్యి. తిని పెడతాను."

పెడదామనే అనుకున్నాను. ఇప్పుడు చెప్తే ఎవరు నమ్ముతారు?

నాలుగు ముద్దలు తిన్నానో లేదో, బీరు పెట్టె మోసుకుంటూ మా ఫోర్‌మన్ ఒనుమా గారు, వెనకే ఆయన భార్య. ఇంకా తొమ్మిదైనా కాలేదు.

"ఎవరావిడ?" అన్నాడు ఒనుమా. మాస్క్‌లో లువాని పోల్చుకోలేదు.

"తెలీదండి. కాసేపు కూర్చుంటానంది. ఇది కంపెనీ చోటు, లేవమ్మా అంటున్నాను." నా నోట్లో ముద్ద ఇంకా మింగుడు పడలేదు.

లువాకి చెప్పాల్సిన పని లేకపోయింది. కాగితం లోపల దాచుకుని, తల వంచి, తప్పయిపోయిందండీ అని జపనీస్‌లో అంది. పట్టా అంచున కూర్చుని, ఎడమచేతిని జాకెట్ చేతిలోకి లాక్కుని, ఒంటిచేత్తో బూట్ల లేసులు కట్టుకోబోయింది. ముడి పడలేదు. మళ్లీ ప్రయత్నించింది. ఆసుపత్రి నుంచి వచ్చిన వారమంతా రోజూ ఆ లేసులు కట్టింది నేనే. కానీ ముక్కూ మొహం తెలీని మనిషికి లేసులు ఎవరు కడతారు? నేను కదల్లేదు. లువా బూట్ల మడమలు తొక్కుకుంటూ, లేసులు ఈడ్చుకుంటూ జనంలో కలిసిపోయింది.

"పాపం, డబ్బా మర్చిపోయినట్టుంది," అంది ఒనుమా భార్య.

"నాదేనండి," అన్నాను.

టాయిలెట్‌కని చెప్పి వెతకడానికి వెళ్లాను. ఎటు చూసినా మాస్కులే. తిరిగొచ్చేసరికి అందరూ చేరారు. ఒనుమా నా వైపు గ్లాసు ఎత్తి, "పరాయివాళ్లని కూర్చోనివ్వకుండా చోటు కాపాడింది, కాపలా అంటే దుయెన్‌దే" అన్నాడు. చప్పట్లు కొట్టారు. వంగి దణ్ణం పెట్టాను.

ఆ సాయంత్రం లువాకి ఫోన్ చెయ్యొచ్చు. ఇంకా ఒక రోజుంది. ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను గానీ చెయ్యలేదు. సోమవారం కూడా చెయ్యలేదు. మంగళవారం లువాయే మెసేజ్ పెట్టింది: "బాధపడకు అక్కా. నేనైనా అంతే చేసేదాన్ని."

చెయ్యదు. నాకు తెలుసు.