పేరు చెప్పి రావాలి

ధూళి ముందు వస్తుంది.

గొర్రెలు తర్వాత.

పొద్దు నల్లమల మీద వాలే వేళ... ఎర్రటి ధూళి. ఉన్ని వాసన, ఎండుగడ్డి వాసన, పాల వాసన కలిసిన ధూళి. వీధి మలుపు తిరిగి, పసుపు రాసిన గడప దాకా వచ్చి అక్కడ ఆగుతుంది — లోపలికి రమ్మంటారా అని అడుగుతున్నట్టు.

అలివేలమ్మ పొయ్యి దగ్గర కూచుని రోజూ దాన్ని చూస్తుంది. ధూళిలో ముందు ఒక తలగుడ్డ కనబడుతుంది. తర్వాత భుజం మీది గొర్రెపిల్ల. తర్వాత ఆ రెంటి మధ్యన మొగుడు, కాశయ్య.

కానీ ఆ రోజు ధూళి పొద్దున్నే వచ్చింది.

గొర్రెలది కాదు. లారీది.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మూటాముల్లె సర్దుకుపోయిన కొత్త రోజులు అవి. కనుమ అవతల దొరల కాలంలో కట్టిన పొడుగు బంగళా ఒకటి ఉండేది. బుద్ధి ఎదగనివాళ్ళను, మనసు చెదిరినవాళ్ళను అందులో పెట్టి తలుపు వేసేవాళ్ళు. కొత్త సర్కారు ఆ బంగళాను మూసేసింది. అయినవాళ్ళు ఉన్నవాళ్ళు ఇళ్ళకు. లేనివాళ్ళు ఎక్కడో సముద్రం పక్కనున్న పెద్దాసుపత్రికి.

లారీ కొమరోలు దారిలో ఊరూరా ఆగుతూ వచ్చింది. ఒక్కో ఊళ్ళో ఒక్కో మనిషిని దింపుతూ.

ఈ ఊళ్ళో మాలకొండమ్మను దింపింది.

కాశయ్యకు అక్క. అలివేలమ్మకు ఆడబిడ్డ. అలివేలమ్మ ఏనాడూ చూడని ఆడబిడ్డ.

చెయ్యి పట్టి దించింది బంగళాలో ఆయా, జ్ఞానమ్మ. హనుమంతునిపాడు మనిషి. డ్రైవరు హారను మీద నుంచి చెయ్యి తీయడం లేదు. ఆమె గబగబా చెప్పింది. కంది కోతలనాటికి మళ్ళీ వస్తానంది. ఉంచుకోగలిగితే సరే, లేదంటే అప్పుడు తీసుకుపోతానంది — సముద్రం పక్కకు. లారీ కదిలాక తల బయటపెట్టి ఇంకో మాట అరిచింది.

"పిలిస్తే వస్తది!"

ధూళి లేచింది. పడింది.

పడిన ధూళిలో మాలకొండమ్మ మిగిలింది.

పొట్టి మనిషి. కత్తిరించిన జుట్టు, అందులో అక్కడక్కడా తెల్లవెంట్రుకలు. చంకలో మూట. ఏదో మంచి కబురు దారిలో ఉందని తెలిసినట్టుండే ముఖం.

గడప దాకా వచ్చింది.

ఆగింది.

లోపలికి రా అక్కా అన్నాడు కాశయ్య. నవ్వింది. రాలేదు. రామ్మా, ఇది నీ ఇల్లే అన్నారు వీధివాళ్ళు. అందరినీ చూసి నవ్వింది. రాలేదు. చెయ్యి పట్టి లాగారు. పాతిన రాయిలాగా నిలబడింది — నవ్వుతూనే.

చివరికి పక్కింటి సుబ్బరత్నమ్మవ్వ తీర్పు చెప్పింది. "అలిగింది. అలగదా మరి? తమ్ముని పెండ్లికి పిలిచినారా? ఆడబిడ్డ చీర పెట్టినారా?"

అవునే అన్నారు అందరూ.

అలివేలమ్మ పెట్టె తెరిచింది. ఉన్న రెండు మంచి చీరల్లో ఎర్రది తీసింది. గాజులు తెచ్చింది. చెంబుతో నీళ్ళు, అరచేతిలో బెల్లం. మాలకొండమ్మ నీళ్ళు తాగింది. బెల్లం తిన్నది. గాజులు తొడుక్కుని గలగలలాడించింది. చీరను నాలుగు మడతలు వేసి గడప మీద పెట్టింది.

లోపలికి మాత్రం రాలేదు.

"బెల్లం తిన్నాక కూడా తీరలేదంటే పెద్ద అలకే," అంది అవ్వ.

పొద్దు వాలింది. ధూళి వచ్చింది. గొర్రెలు వచ్చాయి. దీపాలవేళ గడపలో నిలబడితే లక్ష్మి లోపలికి రాదని అవ్వ గొణిగింది. పొయ్యి మీద సంకటి చల్లారుతోంది. అలివేలమ్మకు నెల తప్పి ఎన్నాళ్ళో కాలేదు. కడుపులో తిప్పుతోంది, కాళ్ళు లాగుతున్నాయి. పొద్దుటి నుంచి బతిమాలి బతిమాలి గొంతు ఎండింది.

ఆ ఇళ్ళల్లో పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవరు. తమ్ముడు అక్కా అనాలి. మరదలు వదినా అనాలి. పొద్దుటి నుంచి ఆ వీధిలో ఎవరూ ఆమె పేరు పలకలేదు.

అలివేలమ్మకు ఓపిక తెగింది.

"మాలకొండమ్మా! తింటావా తినవా?"

అని, నాలుక కరుచుకుంది.

"ఉన్నా," అంది మాలకొండమ్మ.

కుడికాలు ఎత్తి గడప దాటింది.

బంగళాలో అంతేనట. ముక్కలు ముక్కలుగా ఆమె చెప్పింది. ఆ ముక్కలను అలివేలమ్మ బొంత కుట్టినట్టు కలిపి కుట్టుకుంది. సాయంత్రం అందరూ వరసలో నిలబడతారు. జ్ఞానమ్మ తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరి పేరు పిలిచి, ఉన్నావా అంటుంది. ఉన్నా అనాలి. అంటే చెయ్యి పక్కకు తీస్తుంది. అప్పుడు లోపలికి.

పేరు లేకుండా తలుపు లేదు.

పిలవకుండా ఇల్లు లేదు.

ఎన్ని ఏళ్ళ సాయంత్రాలో... ఒక్క మాట. ఉన్నా.

ఆ తర్వాత రోజులు సజ్జకంకి మీద పిట్టల్లాగా వాలాయి, లేచాయి.

మాలకొండమ్మ ఆరుబయట పడుకోవడం నేర్చుకుంది. చెప్పుల్లేకుండా బురదలో నిలబడడం నేర్చుకుంది. కాలివేళ్ళ మధ్య నుంచి బురద పైకి వస్తే ఇంత నవ్వొస్తుందని అలివేలమ్మకు అప్పటిదాకా తెలియదు. గాలి నల్లమల మీదనుంచి వస్తే ముఖం ఎత్తి ఇచ్చేది — తల్లి ముఖం కడుగుతుంటే బిడ్డ ఇచ్చినట్టు.

అయినా అలివేలమ్మకు భయం.

మామ ఆమెను ఎందుకు బంగళాకు పంపాడో కాశయ్య చెప్పాడు. చిన్నప్పుడు తమ్ముణ్ణి చంకనేసుకుని బావి గట్టు మీద కూచునేదట, కాళ్ళు లోపలికి వేసి. ఎన్నిసార్లు లాగి కొట్టినా మళ్ళీ అక్కడే. "అక్కడ గోడలుంటాయి, బావి ఉండదు అని తీసుకపోయినాడు నాయన," అన్నాడు. "ఒక్కడే తిరిగొచ్చినాడు. ఆ పొద్దు ఎవురితోనూ మాట్లాడలేదు."

అందుకని అలివేలమ్మ బావికి పోతే వెనక్కి చూసుకుంటూ పోయేది.

బావి దగ్గర ఆడవాళ్ళు వేరే భయం పెట్టారు. కడుపుతో ఉన్నదానివి. లేస్తే ఆమె ముఖం, పడుకుంటే ఆమె ముఖం. పుట్టబోయే బిడ్డకు ఏమన్నా... అని అక్కడ ఆపేవాళ్ళు. ఆపిన మాట చేద కన్నా లోతుకు పోయేది.

మొగుణ్ణి అడిగింది, ఏం చేద్దామని. కాశయ్య గొర్రెపిల్ల డెక్కలో ముల్లు తీస్తున్నాడు. తల ఎత్తలేదు. "ఇంట్లో ఉండేది నువ్వు. నువ్వు ఎట్లంటే అట్ల."

నిండు కడవ అయినా అంత బరువు లేదు.

అలివేలమ్మ ఒక మాట తయారు చేసుకుంది. జ్ఞానమ్మ వచ్చినప్పుడు చెప్పడానికి. మా చేత కాలేదమ్మా. సంకటి కెలుకుతూ అనుకునేది. వాకిలి ఊడుస్తూ అనుకునేది. మా చేత కాలేదమ్మా... మా చేత కాలేదమ్మా... ఎన్నిసార్లు అనుకున్నా నోటికి పట్టని మాట.

కంది పూత పసుపు రేకులు విప్పింది.

ఒక సాయంత్రం మాలకొండమ్మ గొర్రెల దొడ్డి దగ్గరకు పోయింది. తడిక పక్కన నిలబడింది. రెండు చేతులూ చాచి అడ్డం పెట్టింది.

మొదటి గొర్రె వచ్చింది.

"పేరు?"

గొర్రె మే అంది. అది పేరు కాదని మాలకొండమ్మకు తెలుసు. చెయ్యి తీయలేదు.

వెనక మంద తోసుకుంటోంది. ధూళి కమ్ముతోంది. గొర్రెకు పేరేందక్కా అని కాశయ్య మొత్తుకున్నాడు. ఆమె ఎదురు చూస్తూనే ఉంది, మంచి కబురు వినబోయే ముఖంతో. ఇక లాభం లేదనుకున్నాడు. పక్కదాని మేతలో మూతి పెట్టే గొర్రెను చూపి, కరణం అన్నాడు. చెయ్యి లేచింది. కరణం లోపలికి పోయింది. నడిచే ముందు దగ్గేది మునసబు. ఊరకే అరిచేది సుబ్బరత్నమ్మ. ఊళ్ళో పేర్లు అయిపోతే పక్కూళ్ళ మనుషుల పేర్లు, అవీ అయిపోతే పప్పుల పేర్లు, పండ్ల పేర్లు. చివరి పిల్లకు ఏమీ దొరక్క ఏకంగా ఒక ఊరి పేరే పెట్టాడు, బేస్తవారిపేట అని.

వీధంతా దొడ్డి చుట్టూ చేరి నవ్వింది.

సుబ్బరత్నమ్మవ్వ శాపనార్థాలు పెట్టింది. మర్నాడు చెంగులో కందిపొట్టు తెచ్చి, ఎవరూ చూడకుండా తన పేరు గొర్రెకే పెట్టింది.

ఆ తర్వాత ఇంటి గడప కూడా మాలకొండమ్మదే అయింది. సాయంత్రమైతే చేతులు చాచి వాకిట్లో నిలబడుతుంది. ఎవరొచ్చినా పేరు చెప్పాలి. ఉన్నావా అని అడుగుతుంది. ఉన్నా అనాలి. దీపాలవేళ ఈ అడ్డం ఏందని అవ్వ అంటే, లక్ష్మి కూడా పేరు చెప్పి వస్తదిలే అవ్వా అన్నాడు కాశయ్య.

ఒక సాయంత్రం అలివేలమ్మ కడవతో వచ్చింది.

చేతులు చాచి ఉన్నాయి. వాటి కిందినుంచి ఇంట్లో దీపం కనబడుతోంది.

అలివేలమ్మ ఆగింది. పెళ్ళినాడు ఈ గడప ఖాళీగా ఉంది. కొత్త జంట వస్తే ఆడబిడ్డ అడ్డం నిలబడాలి. పేర్లు చెప్పించాలి. మొగుడి పేరు పెళ్ళాం, పెళ్ళాం పేరు మొగుడు — సిగ్గుపడుతూ, అందరూ నవ్వుతుండగా. ఆ ఒక్కనాటికే ఆ పేరు నోట పలకొచ్చు. అలివేలమ్మ పుట్టింట్లో ఆ పేరును లోపల లోపల ఎన్నిసార్లు పలికి చూసుకుందో. తీరా వస్తే అడ్డం లేదు. ఊరికే లోపలికి వచ్చేసింది.

ఊరికే వచ్చేసిన ఇల్లు.

చెప్పని పేరు అలాగే లోపల ఉండిపోయింది... నమలని బెల్లంముక్కలాగా.

"పేరు?" అంది మాలకొండమ్మ.

"అలివేలమ్మ."

పంచలోనుంచి అవ్వ అందుకుంది. "దాని పేరు కాదే, మొగుని పేరు చెప్పించు. పెండ్లినాడు ఎగ్గొట్టినాది ఇది."

చేతులు తీయలేదు మాలకొండమ్మ. అలివేలమ్మ తల వంచుకుంది. కడవ అంచునుంచి నీళ్ళు మెడ మీద కారుతున్నాయి. చల్లగా. మెల్లగా.

"కాశయ్య," అంది.

అని, ముఖం చెంగులో దాచుకుంది. వెనక గొర్రెలతో వచ్చినవాడు వచ్చినట్టే నిలబడిపోయాడు. వీధిలో వాళ్ళు నీ వంతు నీ వంతు అన్నారు. మునసబు దగ్గింది. కాశయ్య తలగుడ్డ తీసి మళ్ళీ చుట్టుకుని, గొంతు సవరించుకుని, భూమికి చెప్పినట్టు చెప్పాడు — అలివేలమ్మ.

"ఇంకోటి అడగాల గదే," అంది అవ్వ ఊపులో. "నీ బిడ్డను నా కొడుక్కు ఇస్తావా అని..."

అని, ఆగింది.

మాలకొండమ్మకు కొడుకు లేడు. మొగుడు లేడు. అందరి నవ్వూ ఒక్క నిమిషం ఎటు పోవాలో తెలియక నిలబడింది.

మాలకొండమ్మకు అలాంటి నిమిషాలు తెలియవు. కిందికి వంగింది. అలివేలమ్మ పొట్ట మీద అరచెయ్యి పెట్టింది. చెవి ఆనించింది.

"పేరు?" అంది.

ఎదురు చూసింది.

"ఉన్నావా?" అంది.

లోపల... ఏదో కదిలింది. నీళ్ళ అడుగున చేపపిల్ల తోక తిప్పినట్టు. మొదటిసారి.

అలివేలమ్మకు కడవ గుర్తు లేదు. బావి గుర్తు లేదు. బావి దగ్గర ఆపేసిన మాటలు గుర్తు లేవు.

"ఉందంట వదినా," అంది. "ఉందంట."

కందులు ఎండాయి. కోతలు మొదలయ్యాయి.

ధూళి వచ్చింది. గొర్రెలది కాదు.

జ్ఞానమ్మ దిగింది. కొంచెం చిక్కింది. బంగళాకు తాళం పడిందట, అందరికన్నా చివర బయటికి వచ్చింది తనేనట. పంచ ఎక్కబోతే రెండు చేతులు అడ్డం.

నన్నే ఆపుతావా అని నవ్వింది జ్ఞానమ్మ.

"పేరు?"

"జ్ఞానమ్మ."

"ఉన్నావా?"

ఎన్ని ఏళ్ళు అడిగిన ప్రశ్నో. ఆమెను ఎవరూ అడగని ప్రశ్న. జ్ఞానమ్మ చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఉన్నాలే తల్లీ," అంది.

లారీ హారను కొట్టింది. మళ్ళీ కొట్టింది. జ్ఞానమ్మ వాకిట్లోకి దిగి, ఉంచుకుంటారా తీసుకుపోనా అని ఇంట్లోకి తొంగి చూసి అడిగి, ఇక ఆగలేక, అలవాటైన గొంతుతో — వరసను పిలిచే గొంతుతో — పిలిచింది.

"మాలకొండమ్మా..."

ఆ గొంతుకు ఆమె ఏనాడూ కదలకుండా ఉండలేదు. చేతులు దిగాయి. ఒక కాలు గడప బయట పడింది.

లోపల అలివేలమ్మ నిండు పొట్టతో గోడ పట్టుకుని లేచింది. తయారు చేసుకున్న మాట నోటికి రాలేదు. దాని చోట ఒక పేరు వచ్చింది. పెద్దవాళ్ళను పిలవకూడని పేరు. నాలుక కరుచుకోకుండా, వీధి చివరిదాకా వినబడేలాగా.

"మాలకొండమ్మా!"

బయట ఒక పిలుపు. లోపల ఒక పిలుపు.

నడుమ, గడప మీద, ఆమె. ఒక కాలు అటు, ఒక కాలు ఇటు. ఇన్నేళ్ళలో ఒకేసారి రెండు వైపుల నుంచి ఎవరూ పిలవలేదు. అటు చూసింది. ఇటు చూసింది. ముఖమంతా నవ్వు.

"ఉన్నా," అంది.

ఎవరికి చెప్పిందో తెలియదు.

జ్ఞానమ్మ డ్రైవరు వైపు తిరిగి చెయ్యి ఊపింది — ఆగమనో, పొమ్మనో.

అప్పుడే వీధి మలుపులో ధూళి లేచింది. ఉన్ని వాసన, ఎండుగడ్డి వాసన, పాల వాసన. గొర్రెలు ఇంకా కనబడలేదు. తలగుడ్డ ఇంకా కనబడలేదు. పొద్దు నల్లమల మీద వాలుతోంది. ధూళి ఒక్కటే ముందుగా వచ్చి, పసుపు రాసిన గడప ముందు ఆగింది.

మాలకొండమ్మ చేతులు చాచింది.

"పేరు?" అంది.