గోడ అవతల మా పిల్లగాడు

మొన్న ఆదివారం పొద్దుగాల భూపాలపల్లిల మా ఇంటి ముందట చాయ తాగుతున్న. ఫోన్ మోగింది. గార్ల నుంచి సరోజన. ముప్పై ఏండ్లయింది ఆ గొంతు ఇని.

జనగామ పక్కన మా ఊరి చర్చి గుడిల ఆమె పాట పాడేది, నేను డోలక్ కొట్టేది. ఒక్క గుడిల మోకరిల్లినా కులాలు వేరు గదా. నేను బొగ్గుబాయి పనికి భూపాలపల్లి వచ్చిన ఏడాదికి ఆమెకు గార్లల పెండ్లయిందని ఇన్న. నన్ను మర్చిపోయిందనుకున్న. నాకూ రేణుకతోని పెండ్లయింది. పిల్లలు కాలే. రేణుక పోయి మూడేండ్లు.

"శౌరీ, నువ్వు బాయి పనికి పోయినంక మనకు కొడుకు పుట్టిండు. రెండు దినాలు బతికిండు" అన్నది సరోజన.

చాయ గిలాస కింద పెట్టిన.

"మా నాయినకు, కాన్పు చేసిన మీ అవ్వకే తెలుసు. నాయిన పోయిండు. పిల్లగాన్ని జ్ఞానస్నానం కానోళ్ల తీర్గ మన ఊరి సమాధుల కంచె బయట పెట్టిండ్రు. మంగళారం అక్కడ ప్రహరీకి పునాది తీస్తరట. జ్ఞానస్నానం అయిందని ఒక్కలు సాక్ష్యం చెప్తే, గోడ జరిపి పిల్లగాన్ని లోపలికి తీస్కుంటమన్నడు ఫాదర్."

"అయిందా మరి?"

"మీ అవ్వనే నీళ్ళు పోసింది. నాకు జరంతోని తెలివి లేకుండె. లేచినంక చెప్పింది. బయటికి తెలిస్తే తండ్రెవలని అడుగుతరని ఎవ్వలకూ చెప్పలే. జర అవ్వతోని చెప్పియ్యి శౌరీ. ఇంకేం అడుగ."

మా కతోలికులల్ల ఇది ఉన్నదే. పసిగుడ్డు పాణం పోయేటట్టుంటే ఫాదర్ వచ్చేదాక ఆగరు. ఇంట్ల ఎవలైనా నెత్తిమీద నీళ్ళు పోసి, పేరు పెట్టి, జ్ఞానస్నానం ఇయ్యొచ్చు. అది చెల్లుతది.

అప్పుడే మా ఊరి బస్సెక్కిన. ఇంటికి పోంగనే చెల్లె వనజ ఎత్తిపొడిచింది.

"ఏందన్నా, తొవ్వ తప్పి వచ్చినవా? క్రిస్మస్‌కు రమ్మంటే బాయి పని అంటివి."

అవ్వ మంచంల ఉన్నది. ఎనభై రెండేండ్లు. చెయ్యి పట్టి చూసి, "బక్కగైనవ్ కొడుకా. వండుకుంటున్నవా, చాయ మీదనే బతుకుతున్నవా?" అన్నది.

వనజ పాలకు పోయినంక అడిగిన. అవ్వ గోడ దిక్కు తిరిగింది.

"నేను పొయ్యలే, బిడ్డా."

"పోసినవని సరోజనతోని చెప్పినవట గదా?"

"పోరి గుండె పలిగి సచ్చేటట్టుండె. గందుకే చెప్పిన. నీళ్ళు పోస్తే గుడి పుస్తకంల రాయాలె. తండ్రి పేరు అడుగుతరు. నీ పేరు వస్తది. వనజ పెండ్లి కాలే అప్పటికి. చెంబు చేతుల పట్టుకొనే కూసున్న. తెల్లారి పాణం పోయింది."

"ఇప్పుడన్నా పోసిన అని చెప్పరాదే, అవ్వా."

"ఫాదర్ ముందట అబద్దమాడి సావుమంటవా? ఇన్నేండ్లు గీ ఒక్కటే మోస్తున్న, ఇంకోటి పెట్టకు."

తిట్టాల్నంటే నోరు రాలే. ఏడ్వాల్నంటే ఆ పిల్లగాని మొకం గూడ ఎరుగ.

పొద్దుమీకి సరోజన మళ్ల ఫోన్ చేసింది. "చెప్పిందా అవ్వ?"

"పోసిందట" అన్న. ఫాదర్ సంగతి రేపు చూద్దాం, ఈమె కడుపు సల్లబడితే సాలనుకున్న.

"పేరు గూడ చెప్పిందా?"

మా నాయిన పేరే నోట్లకొచ్చింది. "అంతోని అన్నది."



"నాకు యోహాను అని చెప్పింది" అన్నది మెల్లగ. "ముప్పై ఏండ్లు గా పేరుతోనే ప్రార్థన చేసిన. పొయ్యలే గదా, శౌరీ?"

ఆమె ఏడ్వలే, తిట్టలే. ఫోన్ కట్టయింది. మళ్ల చేస్తే ఎత్తలే.

మంగళారం సమాధుల కాడికి పోయిన. కంచె ఉన్నకాడనే పునాది తీస్తున్నరు. బయట గడ్డిల చిన్న చిన్న దిబ్బలు ఆరేడున్నయి. మావోడు ఏదాంట్ల ఉన్నడో తెల్వది. ఇంటికి పోయి అవ్వనడిగితే చెప్తదేమో. అడగబుద్ది కాలే. సరోజనను ఏ మొకంతోని అడగాలె?

"పెద్దాయినా, జర పక్కకు జరుగు, మట్టి పోస్తం" అన్నడు తవ్వేటాయన.

జరిగిన.