నడుముకు పడ్డ తాడు

భూపాలపల్లిలో వీరేశానికి తాళ్ల దుకాణం ఉంది. గోదావరిలో పడవ నడిపే రాజలింగం ఒకరోజు ఆయనకు ఫోన్ చేశాడు.

“అన్నా, పడవ కట్టేసే తాడు గావాలె. కొసకు ఉంగరం లెక్క ఉండాలె, గుంజకు ఏత్త. ముడి మాత్రం వద్దు. ముడి కాడ్నే తెగుతాంది.”

ముడి లేకుండా అంటే, కొసను మూడు పురులుగా విప్పి, వాటిని మళ్లీ అదే తాడు సందుల్లోకి దూర్చి అల్లాలి. వీరేశం ఆ పని ఎన్నడూ చేయలేదు. చేయలేదని ఒప్పుకోవడమూ ఎన్నడూ చేయలేదు.

“గదెంత పని! గుంజ ఎంత లావుంటది?”

“నీ నడుమంత ఉంటదే.”

మర్నాడు పొద్దున్నే వీరేశం ఫోన్‌లో వీడియో పెట్టుకుని, నైలాన్ తాడును కొలత కోసం నడుముకు చుట్టుకున్నాడు. ఐదుసార్లు తప్పు అల్లి ఆరోసారి కుదిర్చాడు. పురులు ఊడకుండా కొసలను లైటర్‌తో కరిగించి అంటించాడు. గుంజి చూస్తే ఇసుమంతైనా కదల్లేదు. మురిసిపోయి తీయబోయాడు.

పైకి రాలేదు. కిందికీ రాలేదు.

చాయ్ తెచ్చిన భార్య పుష్పలత గుమ్మంలోనే ఆగిపోయింది. “ఏందయ్యా, నిన్ను నువ్వే కట్టేసుకున్నవా?”

“జర సబ్బు తే.”

సబ్బు అయింది, మంచినూనె అయింది. పుష్పలత కత్తి తెచ్చింది.

“కోస్తివో ఊకోను! ఆరుసార్లు అల్లిన!”

పగ్గం కొనడానికి తండా నుంచి వచ్చిన సుక్కి ఆ తాడును చేత్తో పట్టి చూసింది. “మంచిగున్నది సావుకారీ. దీంతోని నువ్వు గూడ వస్తవా?”

మధ్యాహ్నం ట్రాలీ ఆటోలో రాజలింగం వచ్చాడు. తాడు రెండో కొస పట్టుకుని బలంగా గుంజాడు. వీరేశం స్టూలు మీంచి జారి, గడప దాటి, ఆటో దాకా వచ్చేశాడు. అల్లిక మాత్రం చెక్కుచెదరలేదు.

“శానా గట్టిగున్నదే అన్నా! ఎక్కు, పోదాం.”

వీరేశం తాడుతో సహా ట్రాలీ ఎక్కాడు. నవ్వు ఆపుకోలేక పుష్పలత కూడా ఎక్కింది.

గోదావరి ఒడ్డున రాజలింగం అన్నాడు, “నీళ్లల్లకు దిగు అన్నా. తడిస్తె జారుతది.”

అసలే చలికాలం. నీళ్లు రొమ్ముదాకా రాగానే వీరేశం “అమ్మో!” అని ఊపిరి బిగబట్టాడు. పొట్ట లోపలికి పోయింది.

“గట్లనే పట్టు!” ఒడ్డు మీంచి పుష్పలత అరిచింది.

రాజలింగం కూడా దిగి, నీళ్లలో చేతులు పెట్టి కిందికి ఒక్క తోపు తోశాడు. ఉంగరం జారింది. దాంతోపాటు లుంగీ కూడా జారి, ప్రవాహానికి కొట్టుకుపోయింది.

రాజలింగం దాన్ని పట్టించుకోలేదు. తాడు రెండో కొసను పడవకు బిగించి, ఉంగరాన్ని తీసుకెళ్లి ఒడ్డునున్న గుంజకు వేశాడు. అచ్చంగా సరిపోయింది. పడవ ప్రవాహానికి లాగింది, తాడు బిగిసింది, అల్లిక వెంట్రుకవాసి కూడా జరగలేదు.

చలికి పళ్లు టకటకా కొట్టుకుంటున్నా వీరేశానికి నవ్వు ఆగడం లేదు. “పుష్పా, ఫోటో తియ్యి! నేను, తాడు, రెండూ రావాలె.”

“ముందుగాల బయటికి రావయ్యా, సలికి సస్తవ్.”

“ఎట్ల రావాలె? రొమ్ముకెల్లి మీదికే తియ్యి!”