మూడు మిల్లీమీటర్లు

ఆ ఇంట్లో బాత్రూమ్ తలుపు ఈ నెలలో మూడోసారి కోడలి మొహాన్ని కొట్టిందని, ఇంత గురిచూసి కొట్టే తలుపుని తను ఎక్కడా ఎరగనని పక్కింటి కుట్టుపనావిడ వీధంతా చెప్పిందట. తలుపు కథ అల్లింది అత్తగారు. నిజానికి టిఫిన్ డబ్బా మూత వదులై చొక్కా మీద కూర ఒలికిందని మొగుడు ఆ డబ్బాతోనే కోడలి ఎడమ కంటి మీద మోదాడు. కింద పడ్డాక పక్కటెముకల్లో తన్నాడు. నెమ్మదిరా, పనికి వెళ్ళాల్సిన మనిషి అన్నదొక్కటే అత్తగారు పడ్డ అడ్డు.

వాచిన కన్నుతోనే కోడలు ఆస్పత్రిలో కంప్యూటర్ ముందు కూర్చుంది. గుండె స్కాన్ బొమ్మల మీద కవాటం కొలతలు తీయడం ఆమె ఉద్యోగం. ఆ కొలతను బట్టే డాక్టరు తొడ రక్తనాళం గుండా కొత్త కవాటాన్ని పంపి, పాడైన కవాటం లోపలే విప్పుతాడు. ఆ రోజు తెర మీదున్న గుండె అత్తగారిది.

సాఫ్ట్‌వేర్ తనంతట తానే కవాటం చుట్టూ ఆకుపచ్చ గీత గీసి, ఇరవయ్యారు మిల్లీమీటర్ల సైజని తేల్చింది. కోడలు తెరుచుకున్న ఒక్క కంటినీ తెరకి దగ్గరగా పెట్టి చూసింది. పేరుకున్న సున్నం గడ్డ మెరుపుని కూడా కవాటం అంచే అనుకుని గీత దాన్ని చుట్టేసింది. అసలు సైజు ఇరవైమూడు. పెద్దది పెడితే చుట్టూ ఉన్న కండ చిరుగుతుంది. రక్తం గుండె చుట్టూ నిండి మనిషి బల్ల మీదే పోతుంది.

మౌసు మీద చెయ్యి ఆగింది. ఊపిరి పీల్చినప్పుడల్లా ఎముక లోపల పొడుస్తోంది. తను ఏమీ చెయ్యక్కర్లేదు, 'సరే' అన్న బొత్తాం నొక్కితే చాలు. గీసింది యంత్రం, తప్పు ఎవరి మెడకీ చుట్టుకోదు. నెమ్మదిరా అన్న నోరు తెల్లగా పాలిపోవడం, బయట కుర్చీలో ఉన్న మొగుడు గోడకి తల బాదుకోవడం కళ్ళకి కట్టినట్టు కనిపించింది. తియ్యగా ఉంది. ఆ తీపి తెలియగానే ఆమె మౌసు మీంచి చెయ్యి తీసేసింది. వాడు ఎముకలు విరిచాడు, సరే. తన చేతిలోని పనిని కూడా వాడే విరిచేస్తానంటే ఎలా? గీత చెరిపేసి, పొర పొరకీ చుక్కలు పెట్టుకుంటూ చేత్తో మళ్ళీ గీసింది.

ఇరవైమూడన్న కొలత చూసి డాక్టరు నవ్వాడు. ఇంటి గొడవలు ఇంట్లోనే వదిలి రావాలమ్మా, రెండు కళ్ళూ తెరుచుకున్నాక యంత్రానికి తప్పులు పట్టుదువుగాని అన్నాడు. ఆమె కదల్లేదు. బొమ్మని పక్కకీ పైకీ తిప్పి గడ్డని చూపించింది. నవ్వు ఆగింది. ఇరవైమూడే తెప్పించాడు.

ఆపరేషన్ గంట ఆలస్యమైంది. డాక్టరుకే ఎదురు చెప్పి ఆపరేషన్ ఆపించి మా అమ్మని చంపబోయావా అంటూ మొగుడు మెట్ల దగ్గర ఆమె జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. పెదవి చీలి దవడ మీదుగా నెత్తురు కారింది. ఆమె నేరుగా ఎక్స్‌రే గదికి నడిచి, అక్కడి అమ్మాయి ముందు పక్కటెముకల మీద బట్ట తొలగించి నిలబడింది. రెండు ఎముకలు విరిగి ఉన్నాయి.

అత్తగారు బతికింది. మర్నాడు డాక్టరు మంచం పక్కన నిలబడి, ఈ సాఫ్ట్‌వేర్ లేకపోతే మేమేం చేసేవాళ్ళమండీ అని మురిసిపోయాడు. అప్పుడే కోడలు వచ్చింది. ఎక్స్‌రే పోలీసులకిచ్చానని, హాస్టల్లో చేరానని, ఇక ఇంటికి రానని చెప్పింది. మొగుడు పిడికిలి బిగించాడు, డాక్టర్ని చూసి విప్పాడు.

"మరి అమ్మని ఎవరు చూస్తారు?"

"చెయ్యెత్తకుండా ఉండగలిగితే, నువ్వే చూడు."